లెక్కల క్లాసులో బ్లెండెడ్ బోధన: గోదావరి డెల్టా బడుల నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపూ లెక్కలు చెప్పే టీచర్లు, పిల్లల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలివి. 8, 9, 10 తరగతుల్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. కొన్నిటికి జవాబు పొడుగైంది, కొన్నిటికి రెండు ముక్కల్లో అయిపోయింది.

బ్లెండెడ్ అంటే కరోనా నాటి ఆన్‌లైన్ క్లాసులేనా?

కాదండీ. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక దొరికిన దారి పట్టుకున్నాం. బోర్డు మీద చెప్పేదే ఫోను ముందు కూర్చుని చెప్పాం. దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వచ్చాయి, వాట్సాప్‌లో లింకులు తిరిగాయి. అప్పుడు క్లాసుగది అనేదే లేదు. బ్లెండెడ్‌లో క్లాసు ఎప్పటిలాగే నడుస్తుంది. ఒక పాఠంలో ఏ ముక్క పిల్లలు తెర మీద చూడాలి, ఏ ముక్క బెంచీ మీద పెన్సిల్ పట్టుకుని చేయాలి అన్నది టీచరు ముందే పంచి పెట్టుకుంటారు.

ఆ రెండు ముక్కలకీ ముడి ఉండాలి. రాత్రి పిల్లాడు ఎక్కడ తడబడ్డాడో పొద్దున క్లాసుకి వచ్చేసరికి టీచరుకు తెలిసి ఉండాలి. నా లెక్కలో ఈ పద్ధతిలో అసలు లాభం ఇదే. వీడియో ఎంత బాగుందన్నది ఆ తరవాతి సంగతి. గ్రూపులో యూట్యూబ్ లింకు పడేసి, తెల్లారి వేరే పాఠం చెప్పుకుంటూ పోతే దాన్ని బ్లెండెడ్ అనడం దండగ.

నిజంగా పనిచేస్తుందా? ఆధారం ఉందా?

ఉంది, కాకపోతే జాగ్రత్తగా చదువుకోవాలి. అమెరికా విద్యాశాఖ 2010లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసింది. తెర, క్లాసుగది రెండూ కలిపి నడిపిన క్లాసుల్లో ఫలితం వట్టి క్లాసుగది కంటే మెరుగ్గా ఉందని తేలింది. అయితే అలాంటి చోట్ల పిల్లలు చదువు మీద ఎక్కువసేపు గడిపారు, అదనపు సామగ్రి కూడా దొరికింది. కాబట్టి ఘనతంతా తెరకే కట్టబెట్టలేమని ఆ నివేదికే చెప్పింది. పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం కాలేజీ వయసు వాళ్ల మీద చేసినవి, బడి పిల్లల మీద చేసినవి తక్కువ.

మనకు దగ్గరగా ఉన్నది ఢిల్లీలో మైండ్‌స్పార్క్ సాఫ్ట్‌వేర్‌తో చేసిన అధ్యయనం, 2019లో అచ్చయింది. బడి అయ్యాక రోజుకు గంటన్నర: అందులో సగం కంప్యూటర్ ముందు, సగం చిన్న గుంపులో టీచింగ్ అసిస్టెంటు దగ్గర. లాటరీలో చోటు దక్కిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే దక్కని వాళ్ల కంటే లెక్కల్లో స్పష్టంగా ముందుకెళ్లారు. ఆ సాఫ్ట్‌వేర్ ఎనిమిదో తరగతి పిల్లాడికి ఎనిమిదో తరగతి లెక్కే ఇవ్వాలని పట్టుబట్టలేదు. వాడు ఆగిపోయింది ఐదో తరగతి భిన్నాల దగ్గరైతే అక్కణ్ణుంచే మొదలుపెట్టింది. అందుకే బడిలో పెట్టే తరగతి స్థాయి లెక్కల పరీక్షలో మాత్రం అంత తేడా కనపడలేదు. హెచ్‌ఎం గారు రెండు నెలలకే మార్కుల లిస్టు అడిగితే ఈ మాట గుర్తు చేయండి.

వీడియోలో పాఠం చెప్పేశాక క్లాసులో ఏం చేయాలి?

లెక్కలు చేయించాలి. వినడానికి ఇది చాలా మామూలుగా ఉంటుంది. కానీ మామూలు పీరియడ్‌లో బోర్డు మీద రెండు లెక్కలు చేసేసరికి గంట కొట్టేస్తారు, పిల్లలు సొంతంగా చేయాల్సిన మూడో లెక్క ఇంటికి పోతుంది. ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. ఈ వరసను తిప్పేయడమే ఫ్లిప్డ్ క్లాసు. 2007లో కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడంతో ఇది పేరుకెక్కింది. కోతలకీ వరదలకీ పిల్లలు బడి మానేసే మన ప్రాంతానికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒక రోజు ఎలా ఉంటుందో చూడండి. ముందురోజు సాయంత్రం ఐదారు నిమిషాల వీడియో, దాని కింద ఒకే ఒక్క ప్రశ్న: 5 − 2(x − 3) = 1 అయితే x ఎంత? ఆప్షన్లు ఊరికే ఇవ్వకూడదు. 5 సరైన జవాబు. బ్రాకెట్ తీసేటప్పుడు గుర్తు మార్చని వాడికి −1 వస్తుంది. ముందే 5లోంచి 2 తీసేసి 3(x − 3) అని రాసిన వాడికి 10/3 వస్తుంది. ఈ మూడూ ఆప్షన్లుగా పెడితే, గూగుల్ ఫారమ్ తెరవగానే ఎవరు ఏ గుంటలో పడ్డారో కనిపిస్తుంది. పొద్దున క్లాసులో −1 వాళ్లని ఒక చోట, 10/3 వాళ్లని ఇంకోచోట కూర్చోబెట్టండి. వాళ్ల తప్పులు వేరు, మందూ వేరు. 5 వచ్చిన వాళ్లకి తరవాతి అభ్యాసం ఇచ్చేయండి, వాళ్ల టైమ్ ఎందుకు పాడుచేయాలి?

ఫారమ్ నింపలేని పిల్లలుంటారు. అదే ప్రశ్న చిన్న చీటీ మీద రాసి ప్రేయర్‌కి ముందు చేయించుకోండి. పని అంతే జరుగుతుంది.

ఏ అధ్యాయాలకి తెర నప్పుతుంది?

కదిలే బొమ్మ ఉన్న చోట నప్పుతుంది. చేయి తిరగాల్సిన చోట నప్పదు.

బహుపదుల అధ్యాయం తీసుకోండి. y = x² − 4x + c గీయమంటే పిల్లలు ఒక్కో c విలువకి ఒక పట్టిక వేసుకుని, గ్రాఫ్ కాగితం మీద బిందువులు పెట్టి, పీరియడ్ మొత్తం ఒక్క పరావలయానికే ఖర్చుపెడతారు. గ్రాఫులు గీసే యాప్ జియోజీబ్రాలో c కి స్లయిడర్ పెట్టి లాగండి. c సున్నా దగ్గరున్నప్పుడు వక్రం x-అక్షాన్ని రెండు చోట్ల కోస్తుంది. లాగుతూ పోతే ఆ రెండు బిందువులూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి, c = 4 దగ్గర కలిసిపోతాయి, ఇంకాస్త లాగితే వక్రం అక్షాన్ని వదిలి పైకి లేచిపోతుంది. వర్గ సమీకరణాల్లో విచక్షణి (b² − 4ac) ధనాత్మకం, సున్నా, ఋణాత్మకం అని మూడు వరసలు బట్టీ పట్టించే బాధ ఇక్కడే తీరిపోతుంది. ఆ తరవాత మాత్రం ఒక్క గ్రాఫ్ అయినా చేత్తో గీయించాలి. పరీక్షలో స్లయిడర్ ఉండదు.

రేఖీయ సమీకరణాల జత కూడా అంతే. పెద్ద కొబ్బరికాయ 18 రూపాయలు, చిన్నది 12. వంద కాయలకి 1,560 వచ్చింది, ఏవి ఎన్ని? x + y = 100, 18x + 12y = 1560. రెండు గీతలూ (60, 40) దగ్గర కలుస్తాయి. చిన్న కాయ ధర కూడా 18 చేసేయండి, గీతలు సమాంతరమైపోతాయి. ఎందుకని అడగండి. కాయల వ్యాపారం చేసే ఇంటి పిల్లాడు టక్కున చెప్తాడు: ధర ఒకటే అయితే వంద కాయలకి 1,800 రావాలి కదండీ, 1,560 ఎలా వస్తుంది?

త్రికోణమితి అనువర్తనాలకి మాత్రం తెర కట్టేసి బయటికి తీసుకెళ్లండి. కొబ్బరిచెట్టుకి కరువు లేదు మనకి. కోణమానిని మధ్య చిల్లుకి దారం కట్టి, చివర ఒక ఇనప నట్టు వేలాడదీస్తే పరికరం తయారు. సరళ అంచు వెంబడి చెట్టు మొవ్వు చూడాలి, దారం ఎక్కడ నిలిచిందో పక్కవాడు చదవాలి. ఇక్కడో చిక్కుంది. అంచు నేలకి సమాంతరంగా ఉన్నప్పుడు దారం 90 చూపిస్తుంది, కాబట్టి ఊర్ధ్వకోణం కావాలంటే 90 లోంచి చదివిన అంకె తీసేయాలి. 50 చదివితే కోణం 40. చాలామంది 50 అనే రాసేస్తారు. 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడిచి కొలిస్తే లెక్క సులువే, చెట్టుదాకా దూరానికి కంటి ఎత్తు కలిపితే సరి. కానీ ఆ 45 దగ్గరే ఈ పొరపాటు కనపడకుండా దాక్కుంటుంది, ఎటునుంచి చూసినా 45 కాబట్టి. అందుకని రెండు దూరాల నుంచి కొలిపించండి. రెండు ఎత్తులూ కలవకపోతే దోషం ఎక్కడుందో పిల్లలే వెతుకుతారు. కొలతలు ఫోటో తీసి గ్రూపులో పెడితే, ఇంటి దగ్గర లెక్క పూర్తిచేయడం ఆన్‌లైన్ భాగం అవుతుంది.

సరూప త్రిభుజాల సిద్ధాంతాలు, పైథాగరస్ నిరూపణ, స్పర్శరేఖల నిరూపణలు బోర్డు మీదే. నిరూపణ వీడియోలో చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి రాయమంటే రెండో వాక్యం దగ్గర ఆగిపోతారు.

మన ఊరి లెక్కలు ఇంకేమైనా చెప్పండి.

బ్యారేజీ ఉండగా సంభావ్యతకి పాచికలెందుకు? ధవళేశ్వరం ఆనకట్టకి నాలుగు భాగాలు: ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మొత్తం 175. కళ్లు మూసుకుని ఒక గేటు ఎంచుకుంటే అది ధవళేశ్వరం భాగంలోది అయ్యే సంభావ్యత 70/175, అంటే 2/5.

వరద రోజుల్లో బ్యారేజీ నీటిమట్టం ఫోన్లలో వస్తూనే ఉంటుంది. అది రాసుకుని గ్రాఫ్ గీయించండి. ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఇస్తారు, ప్రవాహం సుమారుగా 10, 13, 17 లక్షల క్యూసెక్కులు. ఈ మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద ఉన్నాయా? మొదటి రెండింటి మధ్య వాలు అడుగుకి లక్షన్నర, తరవాతి రెండింటి మధ్య లక్ష. కాబట్టి లేవు. తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ ఒక్క ప్రశ్న పీరియడ్ మొత్తానికి సరిపోతుంది.

ఇంట్లో ఒకటే ఫోను. దాన్నీ మా ఆయన చెరువు మీదకి పట్టుకెళ్తారు. మా అబ్బాయి ఎలా చూస్తాడు?

అన్నిటికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న కూడా. రొయ్యల చెరువు మీద రాత్రంతా ఏరేటర్లు చూసుకునే మనిషి దగ్గర ఫోను ఉండి తీరాలి. దాన్ని లాక్కుని పిల్లాడికి ఇవ్వమనడం కుదరని పని.

అందుకే టీచర్లకి చెప్పేది: ‘ఈ రాత్రికి చూసి రండి’ అని పెట్టకండి. మూడు రోజుల గడువివ్వండి, మధ్యలో ఒక ఆదివారం వచ్చేలా చూసుకోండి. ఒకే వీధి పిల్లలు ముగ్గురికి ఒక ఫోను చాలు, ముగ్గురు కలిసి చూస్తే ఆపుకుంటూ మాట్లాడుకుంటారు, అది ఒంటరిగా చూడ్డం కంటే మేలు. నాడు-నేడులో ఐఎఫ్‌పి ప్యానెల్ (క్లాసుగదిలో పెట్టే పెద్ద టచ్ తెర) వచ్చిన బడి అయితే భోజన విరామంలో దాని మీదే పెట్టండి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకిచ్చిన టాబ్‌లు అన్నో అక్కో వాడేసి ఇంట్లో పక్కన పెట్టి ఉండొచ్చు, అడిగి చూడండి. ఇవేవీ లేకపోతే క్లాసునే మూడు గుంపులు చేయండి: ఒక గుంపు ప్యానెల్ దగ్గర, ఒకటి మీ దగ్గర, ఒకటి నోట్‌బుక్కులతో, పావుగంటకోసారి చోట్లు మారతాయి. ఇలా అయితే ఇంటి ఫోనుతో పనే లేదు.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పెట్టుకోవాలి. ఆన్‌లైన్ భాగానికి మార్కులు వేయకూడదు. వేస్తే ఫోనుకి మార్కులు వేసినట్టే.

లంక ఊళ్లలో సిగ్నలే అందదు. వరదొస్తే బడే ఉండదు.

సిగ్నల్ కోసం పాఠం ఆగక్కర్లేదు. ప్రభుత్వం పాఠాలు ఉంచే దీక్ష యాప్‌లో పాఠ్యపుస్తకం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, వచ్చిన వీడియోని డౌన్‌లోడ్ చేసుకుంటే తరవాత నెట్ లేకుండా చూడొచ్చు. జియోజీబ్రా యాప్ కూడా ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకుండా నడుస్తుంది. బడి దగ్గర సిగ్నల్ ఉన్నప్పుడు మెమరీ కార్డులోకి దించి, బ్లూటూత్‌తో పంచుకుంటే చాలు. మీరు సొంతంగా తీసిన వీడియో అయితే సైజు తగ్గించి పంపండి, అక్షరాలు చదవగలిగితే అంతకు మించి నాణ్యత అక్కర్లేదు.

వరదలు వచ్చేది జులై, ఆగస్టుల్లో. పదో తరగతిలో అప్పటికి వాస్తవ సంఖ్యలు, బహుపదులు నడుస్తుంటాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకలకి లంకలే నీళ్లలో ఉన్నాయి, బడులు పునరావాస కేంద్రాలయ్యాయి. కాబట్టి జూన్‌లోనే ఒక వరద కట్ట సిద్ధం చేసుకోండి: ముందే డౌన్‌లోడ్ చేసిన నాలుగైదు వీడియోలు, వాటికి తగ్గ అభ్యాస పత్రాలు, ఒక ప్లాస్టిక్ కవరు. భద్రాచలంలో 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందని వినగానే పంచేయండి. ఆ నీరు మన దాకా వచ్చేలోపు పిల్లలు ఇంకా బడిలోనే ఉంటారు.

ఇల్లు మునిగిన పిల్లాణ్ణి ఆ వారం లెక్కలు అడక్కండి. ఆ కట్ట తిరిగొచ్చాక పనికొస్తుంది.

వీడియోలు మేమే తీయాలా?

అన్నీ అక్కర్లేదు. దీక్షలో ఉన్నది బాగుంటే అదే వాడండి. పీఎం ఈ-విద్య కింద తరగతికో టీవీ చానెల్ కూడా ఉంది. అయితే పిల్లలు తమ మాస్టారి గొంతుకి వినేంత శ్రద్ధగా పరాయి గొంతుకి వినరని నా నమ్మకం. అందుకే క్లాసంతా కలిసి తడబడే ఒకటి రెండు చోట్లకి మీరే తీయండి. పుస్తకాల దొంతర మీద కెమెరా అంచు దాటి కిందికి చూసేలా ఫోను పెట్టి, కెమెరా కింద నోట్‌బుక్కు పెట్టుకుని, రాస్తూ మాట్లాడండి. మొహం కనపడక్కర్లేదు. ఫ్యాను ఆపేయండి. ఒక వీడియోకి ఒక్కటే లెక్క, ఏడు నిమిషాలు దాటొద్దు. మధ్యలో ఒకచోట ‘ఇక్కడ ఆపి మీరు చేయండి’ అని నిజంగానే ఆగండి.

లెక్క ఫోటో తీస్తే యాప్ జవాబు చెప్పేస్తోంది. ఇక హోమ్‌వర్క్ ఎందుకు?

జవాబు అడిగే హోమ్‌వర్క్‌కి కాలం చెల్లినట్టే. తప్పుగా చేసిన పరిష్కారం ఒకటి ఇచ్చి, ఏ స్టెప్పులో తప్పిందో, ఎందుకు తప్పిందో నలభై సెకన్ల వాయిస్ మెసేజ్‌లో చెప్పమనండి. దానికీ యాప్ సాయం తీసుకునే వాళ్లుంటారు. తీసుకోనివ్వండి, మర్నాడు బోర్డు దగ్గరికి పిలిచి ఒక అంకె మార్చి చేయమంటే సంగతి తేలిపోతుంది. పిల్లల్ని దొంగల్లా పట్టుకోవడం మీద పెట్టే శ్రమ దండగ.

ఇంగ్లీషు వీడియోలు మా పిల్లలకి అందడం లేదు.

పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, చూసే ముందు ఆ రెండు పేజీలూ తెరిచి పెట్టుకోమనండి. అప్పటికీ అందకపోతే శబ్దం ఆపేసి ప్యానెల్ మీద మీరే తెలుగులో చెప్పండి.

ఫోనిస్తే పాఠం చూస్తుందో రీల్స్ చూస్తుందో ఎవరికి తెలుసు?

మీకు తెలియాలంటే ఫోను గదిలో కాకుండా అరుగు మీదో, హాల్లోనో ఉండాలి. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన ప్రజ్ఞత మార్గదర్శకాల్లో 9 నుంచి 12 తరగతులకి రోజుకు 30-45 నిమిషాల సెషన్లు నాలుగుకి మించొద్దన్నారు, అదీ బడులన్నీ మూసి ఉన్న రోజుల్లో. ఇప్పుడు బడి నడుస్తోంది. లెక్కలకి ఇంట్లో ఇరవై నిమిషాలు ధారాళంగా సరిపోతుంది. చూడటం అయ్యాక నోట్‌బుక్కు అడిగి చూడండి. అందులో ఆ రోజు తేదీతో కనీసం ఒక లెక్క ఉండాలి. మీకు లెక్కలు రాకపోయినా తేదీ చదవగలరు కదా.

వాట్సాప్ గ్రూపులో ఆడపిల్లల నంబర్లుంటే భయమేస్తోంది.

సబబైన భయమే. గ్రూపు కట్టకుండా బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడమని టీచరుని అడగండి, అప్పుడు ఒకరి నంబరు ఇంకొకరికి కనపడదు. గ్రూపే కావాలంటే పెద్దవాళ్ల నంబర్లతోనే ఉండాలి. పిల్లల మార్కులు, తప్పుల ఫోటోలు అందులో పెట్టకూడదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్షకి ఇది అడ్డం కాదా?

జనవరి దాకా కాదు. ఆ తరవాత తెర తగ్గించేయాలి. పరీక్ష వంద మార్కులకి, మూడుంబావు గంటలసేపు, చేత్తో. స్టెప్పులకి మార్కులుంటాయి, గ్రాఫ్ కాగితం మీద స్కేలు రాయాలి, ప్రశ్నపత్రం చదవడానికిచ్చే మొదటి పావుగంట అయిపోయిందని కంగారుపడకూడదు. ఇవి ఏ యాప్ నేర్పదు. చివరి రెండు నెలలూ తెరని సందేహాలకే ఉంచి, మిగతా టైమంతా పాత పేపర్లు రాయించండి.

వెనకబడిన పిల్లలు ఇంకా వెనకబడిపోరా?

తెర ముందు ఒంటరిగా వదిలేస్తే వెనకబడతారు. అందుకే వాళ్లకి తరగతి వీడియో పంపకండి. ఋణసంఖ్యల కూడిక రాని పిల్లాడికి ఆరో తరగతి పాఠం పంపండి, దీక్షలో ఆ తరగతివీ ఉన్నాయి. పంపేటప్పుడు గ్రూపులో పెట్టకుండా విడిగా పంపండి, నలుగురిలో చిన్నబుచ్చుకుంటాడు. ఇక బాగా చేసే పిల్లలు వీడియో చూసి సొంతంగా ముందుకెళ్తుంటే మీకు మిగిలే టైమ్ ఈ పిల్లల దగ్గర కూర్చోడానికే.

మొదలుపెడితే ఎంతతో మొదలుపెట్టాలి? ఫలితం ఎలా తెలుస్తుంది?

వారానికి ఒక పీరియడ్, ఒక వీడియో, ఒక ప్రశ్న. టైమ్‌టేబుల్ మార్చొద్దు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు అడిగిన ప్రశ్నలాంటిదే, అంకెలు మార్చి, మూడు వారాల తరవాత చెప్పాపెట్టకుండా చీటీ మీద అడగండి. 7 − 3(x − 2) = 1 అయితే x ఎంత? 4 అని రాసిన వాళ్లు పెరిగారా, 0 అని రాసిన వాళ్లు తగ్గారా చూసుకోండి. ఖాళీగా వదిలేసిన చీటీలు కూడా లెక్కపెట్టండి. అవి తగ్గాయంటే రెండో పీరియడ్ కూడా కలపొచ్చు.